ర్యామ్ పెంచాక స్కోరు తగ్గిందా?

కొత్త ర్యామ్ వేశాక బెంచ్‌మార్క్ (కంప్యూటర్ స్పీడు కొలిచే టెస్టు) స్కోరు పడిపోతే ప్రాసెసర్ పోయిందని టెన్షన్ పడకండి. ముందు టాస్క్ మేనేజర్‌లో మెమరీ స్పీడ్ చూడండి, డీడీఆర్5 రకం ర్యామ్ డబ్బా మీద 6000 అని ఉండి అక్కడ 4800 కనిపిస్తోందంటే బయాస్‌లో (విండోస్ మొదలవకముందే తెరిచే మదర్‌బోర్డు సెట్టింగ్స్) ర్యామ్‌ని డబ్బా మీది స్పీడుతో నడిపే ఎక్స్‌ఎంపీ, ఏఎండీ ప్రాసెసర్ బోర్డయితే ఎక్స్‌పో, ఆఫ్‌లో ఉన్నట్టే. ఆన్ చేసి సేవ్ చేయండి. రెండు స్టిక్కులైతే చాలా బోర్డుల్లో ప్రాసెసర్ వైపు నుంచి రెండో, నాలుగో స్లాట్లలో పెట్టాలి. నాలుగూ నింపేశారా? తన రైజెన్ 7000 డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు రెండు స్టిక్కులతో మెమరీ స్పీడ్ 5200 అని చెప్పే ఏఎండీయే నాలుగింటికి 3600 అంటుంది, అందుకే నేనైతే రెండు పెద్ద స్టిక్కులే కొనమంటాను. ప్రాసెసర్‌ని పరీక్షించే సినీబెంచ్ టెస్టుకి ర్యామ్ స్పీడుతో పెద్దగా పని లేదు, అందులో కూడా బాగా తగ్గిందంటే టెస్టు నడుస్తుండగా ప్రాసెసర్ వేడి చూడండి, ర్యామ్ పెట్టేటప్పుడు కూలర్ ఫ్యాన్ వైరు ఊడి ఉండొచ్చు.