రెటినోస్కోప్‌కి ఒక దారం కట్టుకోండి

రెటినోస్కోపీ (కంట్లోకి లైటు వేసి, తిరిగొచ్చే వెలుగు కదలికని బట్టి కళ్లజోడు పవర్ కనుక్కునే పరీక్ష) ప్రాక్టీసు మొదలుపెట్టిన బీఆప్టమ్ (కంటి పరీక్షల డిగ్రీ) విద్యార్థులకు ఒక మాట. పేషెంటు కంటికీ స్కోప్‌కీ మధ్య దూరం కొలుచుకోడానికి స్కోప్ పిడికి 67 సెంటీమీటర్ల దారం కట్టుకోండి. రిఫ్లెక్స్ (కంటిపాపలో కనిపించే వెలుగు) మసగ్గా ఉంటే తెలీకుండానే ముందుకు వంగిపోతాం. 67 దగ్గర, వచ్చిన పవర్‌లోంచి ఆ దూరం కోసం తీసేయాల్సింది 1.50 డయాప్టర్లు (లెన్స్ పవర్ కొలమానం), 50కి జరిగితే 2.00. దూరం మారినా అలవాటుగా 1.50 తీసేస్తే పవర్‌లో అర డయాప్టర్ తేడా వచ్చేస్తుంది, అదీ ప్లస్ వైపు. చేతులు పొట్టిగా ఉన్నవాళ్లు 50కే దారం కత్తిరించుకుని 2.00 తీసేసుకోవచ్చు, తప్పేం లేదు. దారం కొస కంటికి తగలనీయకండి, చెంప పక్కగా కొలిస్తే చాలు. పేషెంటు చూపు మాత్రం 6 మీటర్ల అవతలి చార్టు మీదే ఉండాలి. చిన్నపిల్లలు ఎంత చెప్పినా లైటుకేసే చూస్తారు. మీ తల చార్టుకి అడ్డం రాకుండా కాస్త పక్కకి కూర్చోండి.