కుక్కకు కండరాలు పట్టేశాయా? కాపడం కన్నా ముందు కారణం చూడండి

సమస్య: నిన్న బాగా పరిగెత్తింది. ఈ రోజు పొద్దున లేవడానికి మొరాయిస్తోంది, మొదటి పది అడుగులు బిగుసుకుని వేసి తర్వాత సర్దుకుంటోంది.

కారణం చాలావరకు కండరాల అలసటే. వారమంతా ఇంట్లో ఉంచి ఆదివారం గంటసేపు బంతి విసిరితే ఇలాగే అవుతుంది. ముసలి కుక్కకు రోజూ ఇలాగే ఉంటే మాత్రం కీళ్ళ అరుగుదల అనుమానించాలి.

పరిష్కారం: రెండు మూడు రోజులు పరుగులు, మెట్లు, సోఫా ఎక్కడం మాన్పించండి. బయటికి గొలుసుతోనే, వెళ్ళిన ప్రతిసారీ పది నిమిషాలు చాలు. వాపు లేకపోతే టవల్‌ను వేడినీళ్ళలో ముంచి గట్టిగా పిండి, మీ మణికట్టు లోపలివైపు ఆనించి చూడండి. హాయిగా అనిపిస్తేనే పెట్టండి: 10 నిమిషాలు, రోజుకు రెండు మూడుసార్లు. కరెంటు హీటింగ్ ప్యాడ్ మీద పడుకోబెడితే చర్మం కాలుతుంది, పక్కకు జరగలేని కుక్క అయితే మరీ ప్రమాదం.

కాపడం తర్వాత మర్దన. వేళ్ళు గుచ్చకుండా అరచేతితో, మోకాలి పైనుంచి తుంటి వైపుకు నెమ్మదిగా ఐదు నిమిషాలు. వెన్నెముక మీద నొక్కకండి. చర్మం అదిరినా, తల తిప్పి మీ చేతివైపు చూసినా, మాటిమాటికీ మూతి నాక్కున్నా అక్కడే ఆపేయండి. నొప్పిగా ఉందని అది చెప్పే తీరు అదే.

సమస్య: టైల్స్ మీద కాళ్ళు విడిపోయి జారింది. వెనక కాలు కుంటుతోంది, తొడ లోపలివైపు తాకితే మూలుగుతోంది.

ఇది గజ్జల దగ్గర కండరం సాగిన దెబ్బ. మొదటి రెండు మూడు రోజులు వేడి వద్దు, వాపు పెరుగుతుంది. ఐస్ ముక్కలు పలుచటి గుడ్డలో చుట్టి 10-15 నిమిషాలు, రోజుకు మూడు నాలుగుసార్లు పెట్టండి. రెండో రోజు కుంటు తగ్గిందని గొలుసు విప్పేస్తారు, దెబ్బ మళ్ళీ తిరగబెట్టేది అక్కడే. అది తిరిగే దారిలో జారని మ్యాట్లు పరవండి. నడిచేటప్పుడు గోళ్ళు టకటకమంటే కత్తిరించే వేళయినట్టు.

సమస్య: చల్లటి నీళ్ళలో ఈదివచ్చిన లాబ్రడార్ తోక మొదట్లో రెండంగుళాలు నిలబడి, మిగతాది వేలాడిపోతోంది. తోక కండరాల అలసట ఇది. విశ్రాంతి ఇస్తే సాధారణంగా కొద్ది రోజుల్లో తగ్గుతుంది.

ఏ సందర్భంలోనైనా మనం వాడే మాత్రలు వేయకండి. ఐబుప్రోఫెన్ కడుపులో పుండ్లు చేసి కిడ్నీలను పాడుచేస్తుంది, పారాసెటమాల్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది. నొప్పి బామ్ రాస్తే నాకేస్తుంది, అందులోని మిథైల్ సాలిసిలేట్, కర్పూరం లోపలికి పోతాయి.

కుంటు ఈ కాలి నుంచి ఆ కాలికి మారుతూ, తిండి మానేస్తే చెవుల్లో, వేళ్ళ సందుల్లో పిడుదులు వెతకండి. టిక్ ఫీవర్ (పిడుదు కాటు వల్ల వచ్చే జ్వరం) కావచ్చు. ముక్కు వేడిని నమ్మకండి, మలద్వారంలో థర్మామీటర్ పెట్టి చూడండి. మామూలు వేడి 100.5-102.5 ఫారన్‌హీట్. 103 దాటితే రక్తపరీక్ష చేయించాలి.

కాలు నేలకు ఆనించకపోయినా, వెనక కాళ్ళు ఈడుస్తున్నా, మెడ తాకితే అరిచినా, మూత్రం టీ డికాక్షన్ రంగులో వచ్చినా మర్దన, కాపడం ఏవీ వద్దు. అదే రోజు పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళండి. పగ్, డాష్‌హండ్ అయితే వెన్నుడిస్క్ జారి ఉండొచ్చు. చేతుల్లో వేలాడదీయకుండా బల్లపరుపు పలక మీద పడుకోబెట్టి మోయండి.