స్టూడియో కాలపు హాలీవుడ్ రచయిత జీవితచరిత్ర రాయడం ఎలా?

హాలీవుడ్ స్టూడియోల కాలంనాటి, అంటే రచయితలు పెద్ద స్టూడియోల్లో జీతానికి పనిచేసిన సుమారు 1920ల నుంచి 1950ల నాటి, సినిమా రచయిత జీవితాన్ని రాయదలచినవారు తెరమీది పేర్లను ఉన్నదున్నట్టు నమ్మకూడదు. వారం జీతంమీద పనిచేసే రచయిత చేతిలోని కథను స్టూడియో ఎప్పుడైనా మరొకరికి అప్పగించగలిగేది కనుక, ఒకే చిత్రానికి పలువురు రాసినా పేరు దక్కేది కొందరికే.

అందుచేత చిత్తుప్రతులతో మొదలుపెట్టండి. వాటిని తేదీల వరుసలో పేర్చుకుంటే, ఏ సన్నివేశం ఎవరి చేతిలో మారిందో చాలావరకు తెలుస్తుంది. వార్నర్ బ్రదర్స్ కాగితాలు సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలోనూ, సెన్సారు నియమావళి అమలుకు సంబంధించిన ఉత్తరాలు బెవర్లీ హిల్స్‌లోని మార్గరెట్ హెరిక్ లైబ్రరీలోనూ ఉన్నాయి.

1947 తరువాతి సంవత్సరాలకు మరింత జాగ్రత్త అవసరం. కమ్యూనిస్టులన్న ముద్రతో స్టూడియోల నిషేధానికి గురైన రచయితలు మారుపేర్లతోనో, మిత్రుల పేర్లతోనో రాసేవారు. 1953లో వచ్చిన ‘రోమన్ హాలిడే’ కథ అలా నిషేధానికి గురైన రచయిత డాల్టన్ ట్రంబోది. తెరమీద కనిపించింది ఆయన మిత్రుడు ఇయాన్ మెక్‌లెల్లన్ హంటర్ పేరు. ఆ కథకు వచ్చిన ఆస్కార్ ట్రంబో పేరిట 1993లో, అంటే ఆయన మరణించిన 17 ఏళ్లకు గానీ అందలేదు. రచయితల సంఘం ఆయన పేరును అధికారికంగా చేర్చింది 2011లో. కనుక చిత్రాల పట్టికలో ఖాళీ కనిపించగానే ఆ రచయిత పనిలేక కూర్చున్నాడని రాసేయకుండా, ఆ ఏళ్ల ఒప్పందాలను, ఉత్తరాలను, సన్నిహితుల పేర్లతో వచ్చిన చిత్రాలను పరిశీలించండి.

ఆత్మకథలను చివర చదవండి. కథలల్లడమే వృత్తిగా బతికినవారు తమ గతాన్ని మాత్రం అల్లకుండా ఉంటారా? అందులోని ప్రతి సంఘటనకూ ఆనాటి సినిమారంగపు వృత్తిపత్రికల్లో తేదీ దొరుకుతుందేమో చూడండి.