పిల్లికి మోషన్స్ ఆగట్లేదా? బ్రాండ్ మార్చే ముందు ప్యాకెట్ తిరగేసి చూడండి

"మా పిల్లికి మోషన్స్ ఆగట్లేదు, ఏ బ్రాండ్ ఫుడ్ మంచిది?" అని అడిగేవాళ్లందరికీ నా మొదటి ప్రశ్న ఒక్కటే: పాలు పోస్తున్నారా? పోస్తున్నాం కానీ కొంచెమే అంటారు. ఆ కొంచెం చాలు. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలలో ఉండే లాక్టోజ్ అరగదు, అరగని ఆ చక్కెర పేగుల్లోకి నీళ్లు లాగి విరేచనాలు తెప్పిస్తుంది. ముందు పాలు పూర్తిగా ఆపి నాలుగైదు రోజులు చూడండి. అది కాళ్ల చుట్టూ తిరిగి అరుస్తుంది, ఇంట్లో పెద్దవాళ్లకు మనసొప్పదు, అయినా ఆపండి. దానికి మంచినీళ్లు చాలు.

పాలు లేవు, అయినా పల్చగానే వెళ్తోందా? ఈ మధ్య ఫుడ్ మార్చారేమో గుర్తు చేసుకోండి. పాతది అయిపోయిందని ఒక్కరోజులో కొత్తది పెడితే కడుపు చెడటం మామూలే. పాతదాంట్లో కొత్తది పావు వంతుతో మొదలుపెట్టి, వారం పది రోజుల్లో పూర్తిగా మార్చాలి.

మలద్వారం దగ్గర, పడుకునే బట్ట మీద బియ్యపు గింజల్లాంటివి కనిపిస్తే అవి బద్దె పురుగు ముక్కలు. నులిపురుగుల మందు వేస్తే పోతాయి కానీ, బొచ్చులో ఫ్లీలు (రక్తం పీల్చే చిన్న పురుగులు) ఉంటే మళ్లీ వస్తాయి, ఎందుకంటే ఒళ్లు నాక్కుంటూ పిల్లి ఆ ఫ్లీలను మింగుతుంది. రెంటికీ కలిపి మందు అడగండి.

తిన్న కాసేపటికే గింజలు గింజలుగా కక్కేస్తోందంటే చాలాసార్లు ఆబగా తినడమే కారణం, ముఖ్యంగా రెండు పిల్లులకు ఒకే గిన్నె పెట్టే ఇళ్లలో. గిన్నెలు వేరు చేసి, వెడల్పాటి పళ్లెంలో పరిచి పెట్టండి.

ఇవన్నీ చూశాక కూడా వారాల తరబడి పల్చటి విరేచనాలు, మధ్యమధ్యలో వాంతులు, దాంతోపాటు తల, మెడ దగ్గర పుండ్లు పడేలా గోక్కోవడం ఉంటే అప్పుడు ఆహారం పడట్లేదేమోనని అనుమానించాలి. గ్రెయిన్ ఫ్రీ (ధాన్యాలు లేని) ప్యాకెట్ కోసం పరిగెత్తకండి. పిల్లులకు ఎక్కువగా పడనివి బీఫ్, చేప, చికెన్, అంటే మాంసకృత్తులే.

ఫుడ్ మార్చినా తగ్గకపోవడానికి, నన్ను బాగా విసిగించిన కారణం ఇక్కడే ఉంది. చికెన్ పడట్లేదని డాక్టర్ అంటారు. వీళ్లు వెంటనే ట్యూనా ప్యాకెట్ తెస్తారు. ముందు వైపు పెద్ద చేప బొమ్మ, కింద ట్యూనా ఫ్లేవర్ అని ఉంటుంది. నెల గడిచినా అదే పరిస్థితి. ప్యాకెట్ వెనక్కి తిప్పి, ఆ చిన్న అక్షరాల్లో ఇంగ్రీడియెంట్స్ చదివితే మొదట్లోనే పౌల్ట్రీ మీల్ (అంటే ఎక్కువగా కోడి పొడే), తర్వాత మొక్కజొన్న, చికెన్ ఫ్యాట్, ఎక్కడో అడుగున ట్యూనా. ఆ వరుస బరువును బట్టి ఉంటుంది, ముందు రాసిందే ఎక్కువ. అంటే ఆ పిల్లి చికెన్ తినడం ఒక్కరోజు కూడా మానలేదు! కానీ ఇంట్లోవాళ్లు మాత్రం "ఫుడ్ మార్చాం, తగ్గలేదు, కాబట్టి ఫుడ్ కాదు" అని తేల్చేసి యాంటీబయాటిక్స్ దాకా వెళ్తారు. పాపం ఆ పిల్లి అన్ని నెలలు బాధపడుతూనే ఉంటుంది. సరైన ఫుడ్ తెచ్చిన ఇళ్లలో కూడా చికెన్ ఇంకో దారిలో వస్తుంది: నాకించే క్రీమ్ ట్రీట్లు, హెయిర్‌బాల్ పేస్ట్, రుచి కలిపిన మాత్రలు, కుక్క గిన్నెలో మిగిలింది, పై ఫ్లాట్‌లో ఆంటీ ప్రేమగా వేసే ముక్క. అన్నీ అడిగి తెలుసుకోండి, అన్నీ ఆపండి.

ఆహారం పడట్లేదో లేదో తేల్చే పరీక్ష ఎలాగంటే, పిల్లి ఇంతవరకూ తినని ఒకే మాంసం, లేదా డాక్టర్ రాసే హైడ్రోలైజ్డ్ ఫుడ్ (మాంసకృత్తులను ఒళ్లు గుర్తుపట్టనంత చిన్న ముక్కలుగా విడగొట్టింది), అదొక్కటే పెట్టాలి. మన ఇళ్లలో పిల్లులు చేప, కోడి ఎప్పుడో తినేసి ఉంటాయి కాబట్టి ఆ హైడ్రోలైజ్డ్ ఫుడ్డే నయం, ఖరీదైనా సరే. ఇంట్లో ఉడికించి పెడతామంటే డాక్టర్‌కు చెప్పే చేయండి, ఉత్త మాంసంలో కాల్షియం చాలదు. కూరలోంచి తీసి కడిగిన ముక్క అసలే వద్దు, ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను దెబ్బతీస్తాయి. కడుపు సమస్యలైతే రెండు నుంచి నాలుగు వారాల్లో తేడా తెలుస్తుంది, దురదకు ఎనిమిది వారాలైనా ఆగాలి. తగ్గాక పాత ఫుడ్ మళ్లీ పెట్టి చూడాలి, లక్షణాలు తిరిగొస్తేనే రుజువైనట్టు. ఈ చివరి మెట్టు దాదాపు అందరూ వదిలేస్తారు.

కూనకు వాంతులు, విరేచనాలు కలిసి వచ్చినా, పిల్లి ఒక రోజంతా ఏమీ తినకపోయినా, నోట్లోంచో వెనకనుంచో దారం వేలాడుతున్నా ఇంట్లో ప్రయోగాలు చేయకుండా వెంటనే తీసుకెళ్లండి. దారాన్ని లాగకండి, పేగు కోసుకుపోతుంది. మగపిల్లి లిట్టర్‌లో (దాని మలమూత్రాల ట్రేలో) కూర్చుని ముక్కుతుంటే మలబద్ధకం అనుకోకండి, మూత్రం ఆగిపోయి ఉండొచ్చు, అది గంటల్లో ప్రాణం మీదకొస్తుంది. పారాసెటమాల్ చిన్న ముక్క కూడా పిల్లికి విషమే. మన మోషన్స్ మాత్రలు కూడా సొంతంగా వేయకండి.

జియార్డియా లాంటి పేగుల్లో చేరే సూక్ష్మజీవులు మలపరీక్షలో తెలుస్తాయి, డాక్టర్ చూసుకుంటారు. పదేళ్లు దాటిన పిల్లి బాగా తింటూనే చిక్కిపోతుంటే మాత్రం ఈ ఫుడ్ పరీక్షలతో నెలలు గడపకుండా ముందు థైరాయిడ్, కిడ్నీలకు రక్తపరీక్ష చేయించండి.