పాత వైన్ బాగోలేదా? ముందు ఖాళీ గ్లాసు వాసన చూడండి

పెళ్లిరోజుకో, పిల్లల పెళ్లి కుదిరినందుకో దాచుకున్న పాత వైన్ తెరిచిన రాత్రి నాకు ఎవరో ఒకరి ఫోన్ వస్తుంది. "అన్నా, సీసా పోయినట్టుంది, ఏం చేయమంటావ్?" చాలాసార్లు సీసాకు ఏమీ కాదు. చూసుకోవాల్సిన చిన్న విషయం ఒకటి చూసుకోరు, అంతే. కార్క్ తీయడం, గ్లాసులో మూడో వంతే పోయడం మీకు తెలుసనుకునే ఇది రాస్తున్నాను.

ఘాటుగా ముక్కుకు కొడుతోంది, రుచి మాత్రం పలచగా ఉంది

వైన్ వెచ్చగా ఉంది. రెడ్ వైన్‌ని గది ఉష్ణోగ్రతలో తాగాలన్న మాట చలిదేశాల రాతి ఇళ్లలో పుట్టింది. ఏప్రిల్‌లో మన హాల్లో ఏసీ వేయకముందు 32 డిగ్రీలుంటుంది. ఆ వేడికి ఆల్కహాల్ ముందు లేస్తుంది, ఇరవై ఏళ్లలో సన్నగా కూడిన వాసనలు దాని కింద అణిగిపోతాయి. ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు తరహా వైన్ అయితే 16–18 డిగ్రీలు, అక్కడిదే బర్గండీ ప్రాంతపు రెడ్ వైన్ అయితే 14–16 ఉండాలి. బకెట్లో సగం ఐస్, సగం నీళ్లు వేసి పది పన్నెండు నిమిషాలు సీసాను కదపకుండా నిలబెట్టండి. ఫ్రిజ్‌లో అయితే గంటకు పైనే పడుతుంది. వంటింటి థర్మామీటర్ ఉంటే మొదట పోసిన గ్లాసులో ముంచి చూడండి. చేత్తో తాకి "చల్లగానే ఉంది" అనుకోవద్దు, మన చేతికి 25 డిగ్రీల సీసా కూడా చల్లగానే తగులుతుంది.

రాత్రంతా ఫ్రిజ్‌లో ఉన్న సీసాది దీనికి తిరగేసిన కథ. వాసన రాదు, నాలుక మీద వగరు మాత్రం మిగులుతుంది. గ్లాసులో పోసి ఇరవై నిమిషాలు ఆగండి.

ముక్కిపోయిన వాసన, తడిసిన అట్టపెట్టె వాసన

అందరూ తొందరపడేది ఇక్కడే. కాస్త చదువుకున్నవాళ్లు వెంటనే "కార్క్ పాడైంది" అని తీర్పు చెప్పేస్తారు. నేనూ చెప్పాను.

మారేడ్‌పల్లిలో నా స్నేహితుడి ఇంట్లో పాతికేళ్ల పెళ్లిరోజు. ఆగస్టు నెల, వారం రోజులుగా ముసురు. వాళ్ల పెళ్లయిన ఏడాదిదే, 1996 మెడోక్ సీసా, అంటే బోర్డో రెడ్ వైన్. వైన్ ఫ్రిజ్‌లో 13 డిగ్రీల దగ్గర ఏళ్ల తరబడి కంటికి రెప్పలా చూసుకున్నాడు. నేను రెండు రోజుల ముందే సీసా నిలబెట్టించాను, 17 డిగ్రీలకు తెప్పించాను, కార్క్ విరగకుండా తీశాను. ఎనిమిది గ్లాసుల్లో పోశాను. ముక్కు దగ్గర పెట్టుకుంటే వానకు నానిన అట్ట వాసన. పక్కవాళ్ల గ్లాసు అందుకున్నాను, అదే వాసన. ఎనిమిదింటిలోనూ అదే ఉంటే తప్పు సీసాదే కదా అనుకున్నాను. కార్క్ పోయిందని నేనే చెప్పాను. వాడి ముఖం చూడలేకపోయాను. సీసాలో మిగిలిన సగం వంటింట్లో పక్కన పెట్టి ఇంకో వైన్ తెరిచాం.

రాత్రి పదకొండింటికి, ముగ్గురు వెళ్లిపోయాక, వదిన ఆ సీసా ఒలకబోయబోతూ స్టీలు గ్లాసులో కొంచెం పోసుకుని చూసింది. "ఇది బాగానే ఉంది కదా, ఎందుకు పక్కన పెట్టారు?" అంది. అందుకుని వాసన చూశాను. దేవదారు చెక్క, ఎండిన పొగాకు, దూరంగా ఎక్కడో నల్లద్రాక్ష. వైన్‌కి ఏమీ కాలేదు. గ్లాసులు అటక మీద వాటి అట్టపెట్టెలోనే ఏడాదిన్నర ఉన్నాయి. రెండు వానాకాలాల చెమ్మ ఆ అట్టలోకి, అట్ట వాసన గ్లాసుల్లోకి దిగింది. సాయంత్రం కిందికి దించి పొడిగుడ్డతో తుడిచి పెట్టారు. ఎనిమిదీ ఒకే పెట్టెలోవి కాబట్టే ఎనిమిదింటిలోనూ ఒకే వాసన.

ఇది ఎందుకంత మోసం చేస్తుందంటే, కార్క్‌ని పాడుచేసే పదార్థం వాసన కూడా అచ్చం తడి అట్టలాగే ఉంటుంది. దాని పేరు ట్రైక్లోరోఅనిసోల్, పొట్టిగా టీసీఏ. 1980ల మొదట్లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు దీన్ని పట్టుకున్నారు. క్లోరిన్ కలిసిన కొన్ని రసాయనాల మీద బూజు పట్టినప్పుడు ఇది పుడుతుంది. లీటరుకు కొద్ది నానోగ్రాములు ఉన్నా ముక్కు పసిగడుతుంది. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లో వంతు. చెమ్మ పట్టిన అట్టలోనూ, చెక్కలోనూ కూడా ఇది పుట్టవచ్చు. కాబట్టి గ్లాసు వాసనకూ కార్క్ వాసనకూ తేడా ముక్కుతో తేల్చుకోవడం కష్టం.

ఇంకో చిక్కు ఉంది. అవే గ్లాసుల్లో కొత్త నాసిక్ షిరాజ్ రెడ్ వైన్ పోస్తే ఏ తేడా తెలియదు. కొత్త వైన్ పండు వాసన గట్టిగా ఉండి అన్నిటినీ కప్పేస్తుంది. పాత వైన్ వాసన సన్నది, గ్లాసులో ఏది ఉంటే దాని కిందపడిపోతుంది. అందుకే "పోయిన నెల ఈ గ్లాసుల్లోనే తాగాం కదా" అన్న మాట నమ్మకండి.

పరీక్ష చాలా తేలిక. ఏమీ పోయకముందు ఖాళీ గ్లాసులో ముక్కు పెట్టి ఒక్కసారి గట్టిగా పీల్చండి. తర్వాత గ్లాసులోకి నోటితో వెచ్చగా ఊది మళ్లీ చూడండి, దాక్కున్న వాసన ఆవిరితో పైకి వస్తుంది. అట్ట, చెక్క షోకేసు, నాఫ్తలీన్, గిన్నెల సబ్బు, ఏది వచ్చినా ఆ గ్లాసు పనికిరాదు. మొదటి పీల్పే లెక్క. నాలుగుసార్లు చూస్తే ముక్కు ఆ వాసనకు అలవాటు పడిపోయి ఏమీ లేదంటుంది. ఇప్పటికే పోసేసి ఉంటే, రోజూ నీళ్లు తాగే గ్లాసు ఒకటి ఫిల్టర్ నీళ్లతో కడిగి అందులో రెండు గుక్కలు పోయండి. వాసన పోతే తప్పు మొదటి గ్లాసుది. అందులోనూ ఉండి, పావుగంటకు ఇంకా పెరిగితే కార్క్‌దే.

గ్లాసుల పని మధ్యాహ్నమే పెట్టుకోండి. గోరువెచ్చని నీళ్లతో, సబ్బు లేకుండా కడగండి. వాసన వదలకపోతే నీళ్లలో చెంచాడు తినే సోడా వేసి కడిగి మూడుసార్లు తొలపండి. కుళాయి నీళ్లకు ఒక్కోరోజు క్లోరిన్ వాసన ఉంటుంది, చివరి కడుగు ఫిల్టర్ నీళ్లతో చేయండి. వంటింటి గుడ్డతో తుడవద్దు, ఉతికి ఎండలో ఆరిన నూలు గుడ్డ తీసుకోండి. తుడిచేటప్పుడు ఒక చేత్తో అడుగు, ఇంకో చేత్తో గిన్నె భాగం పట్టుకుని తిప్పితే కాడ పుటుక్కుమంటుంది. గిన్నె భాగాన్నే పట్టుకోండి. తర్వాత బోర్లించకుండా నిలబెట్టండి, బోర్లిస్తే అలమర వాసన లోపల చిక్కుకుంటుంది. వడ్డించే ముందు మామూలు రెడ్ వైన్ రెండు చెంచాలు ఒక గ్లాసులో తిప్పి, దాన్నే రెండో గ్లాసులోకి, మూడో దాంట్లోకి, అలా చివరిదాకా పోసి పారబోయండి. వైన్ వంచుకునే గాజు కూజాకీ, అంటే డికాంటర్‌కీ ఇదే వర్తిస్తుంది. దాని మెడ సన్నం కాబట్టి సబ్బు వాసన లోపలే ఉండిపోతుంది.

మొదటి గ్లాసులు బాగున్నాయి, చివరివి చేదుగా, బురదగా ఉన్నాయి

మడ్డి కదిలింది. రంగు, వగరునిచ్చే టానిన్ గుంపుకట్టి అడుక్కి దిగినదే మడ్డి. అన్నయ్య అమెరికా నుంచి సూట్‌కేసులో తెచ్చిన సీసా శంషాబాద్‌లో దిగిన రాత్రే తెరిస్తే ఇలాగే ఉంటుంది. రెండు వారాలు పడుకోబెట్టి, తెరవడానికి ఒకటి రెండు రోజుల ముందు నిలబెట్టండి. మెడ కింద ఫోన్ టార్చి పెట్టి ఒకే వంపులో డికాంటర్‌లోకి పోయండి. నల్లటి తీగ మెడ దాకా రాగానే ఆపేయండి.

తెరవగానే అద్భుతం, అరగంటకు చప్పబడింది

కొత్త వైన్‌కి చేసినట్టు రెండు గంటల ముందే డికాంటర్‌లో పోశారు. ముప్పై ఏళ్లు దాటినదైతే మడ్డి తీయడం కోసమే వంచి వెంటనే వడ్డించండి. స్నేహితులు ఇంకా ట్రాఫిక్‌లో ఉంటే కార్క్ ముట్టుకోవద్దు.

ఇంటి వాసనలు, భోజనం

పూజగదిలో అగరుబత్తి, హాల్లో సాంబ్రాణి, దోమల బత్తి, అత్తరు, తల్లో మల్లెలు. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా సన్నని వైన్ వినబడదు. బత్తీలు రెండు గంటల ముందే ఆపి కిటికీలు తీయండి. బిర్యానీ, మిర్చీకా సాలన్ మా ఇంట్లోనూ తప్పవు, కానీ పాత వైన్ వాటికి ముందు రావాలి. కారం తగిలిన నాలుక మీద ఆల్కహాల్ మంటగా, టానిన్ మరింత వగరుగా ఉంటుంది. పుట్టగొడుగుల వేపుడు, ఉప్పు మిరియాలతో కాల్చిన మాంసం, చీజ్ లాంటివి పెట్టి వైన్ పూర్తిచేసి, ఆ తర్వాత హండీ మూత తీయండి.

మిగిలినవి

గాజుపెంకుల్లా మెరిసే పలుకులు టార్టారిక్ ఆమ్లపు లవణం స్ఫటికాలు, హాని లేదు. నెయిల్ పాలిష్ వాసన గట్టిగా వస్తే ఆ సీసా తాగకుండా వదిలేయండి. కార్క్ పైకి ఉబ్బి, మెడ దగ్గర జిగురు కారి, రుచి ఉడికిన జామ్‌లా ఉంటే ఆ సీసా ఎండలో కారు డిక్కీలోనో, గోడౌన్‌లోనో ఉడికింది. దానికి మందు లేదు. కార్క్ పొడిపొడిగా రాలిపోతుంటే స్క్రూ బదులు రెండు రేకుల ఓపెనర్ వాడండి. పొడవు రేకు ముందు దించి, అటూ ఇటూ ఊపుతూ లోపలికి పంపి, తిప్పుతూ లాగాలి. ముక్కలు పడితే, వాసన లేని పల్చటి మస్లిన్ గుడ్డలో వడకట్టండి. ఆ గుడ్డనూ ముందు వాసన చూడండి.