పొద్దుటి పనులకు కార్డుల పట్టీ: చివరికి పనిచేసిన పద్ధతి

సమస్య అందరిదీ ఒకటే: నాలుగైదేళ్ల పిల్లలకు బ్రష్షు, స్నానం, యూనిఫాం, టిఫిను అంటూ రోజూ ప్రతి పనీ చెప్పాలి. గోడ మీద చార్టు, స్టార్ స్టిక్కర్లు, ఫోన్ అలారం, ఏవీ వారం దాటలేదు.

పనిచేసింది పని కార్డులు వరుసగా అంటించిన పొడవాటి అట్ట పట్టీ: ఒక్కో పని అవగానే దాని కార్డును పిల్లే పీకి కవరులో వేయాలి. పాత శుభలేఖల అట్టను 8 సెం.మీ. చతురస్రాలుగా ఆరు ముక్కలు కోయాలి. వాటి మీద బొమ్మలు కాదు, మీ ఇంటి వస్తువుల ఫోటోలే అంటించాలి: ఆ పిల్ల బ్రష్షు, ఆ పిల్ల మగ్గు. తర్వాత కార్డుకు రెండు వైపులా, పట్టీ అట్టకు ముందువైపు వెడల్పాటి పారదర్శక టేపు వేయాలి. అందరూ వదిలేసేది ఈ మెట్టే. ఉత్త అట్ట మీద వెల్క్రో (నొక్కితే అతుక్కుని, లాగితే ఊడే రెండు వైపుల పట్టీ) అంటిస్తే మూడో రోజుకే పైపొరతో సహా ఊడొస్తుంది.

వెల్క్రో ముక్క 1.5 సెం.మీ. చాలు, పెద్దదైతే పీకలేక కార్డు వంగిపోతుంది. గరుకు వైపు పట్టీకి, మెత్తటి వైపు కార్డుకు. అంటించాక ఒక రాత్రి బరువైన పుస్తకం కింద ఉంచాలి.

పట్టీని పిల్ల కంటి ఎత్తులో, స్నానాలగదికి బయట తగిలించాలి. లోపలైతే తడికి జిగురు వదులుతుంది. అడుగున ఒక కవరు, దాని మీద ‘అయిపోయింది’. మొదటి వారం మూడే కార్డులు పెట్టాలి, చివరిది ఇష్టమైన పనిగా.

చదవడం వచ్చిన పిల్లలకు ఇది చిన్నపిల్లల ఆటలా అనిపించొచ్చు. రాత్రి ఆలస్యంగా పడుకున్న పిల్ల దగ్గర మాత్రం ఏ పట్టీ పనిచేయదు.