కెల్టిక్ మూలాలున్న అమ్మాయి పేరుకు అసలు అర్థం ఎలా కనుక్కోవాలి?

జెన్నిఫర్ పేరునే తీసుకుందాం. మన క్రైస్తవ కుటుంబాల్లో బాగా వినిపించే పేరే, కానీ బైబిల్లో ఎక్కడా లేదు. నెట్‌లో వెతికితే ‘తెల్లని అల’ అని ఒక్క ముక్కలో చెప్పేస్తారు. పాపకు జీవితాంతం ఉండే పేరు కదా, ఇంకాస్త లోతుకు వెళ్లండి.

1. ముందు ఏ భాషదో తేల్చుకోండి. కెల్టిక్ అంటే ఒక భాషా కుటుంబం. ఐరిష్, స్కాటిష్ గేలిక్, మాంక్స్ ఒక శాఖ. వెల్ష్, కార్నిష్, బ్రెటన్ ఇంకో శాఖ. జెన్నిఫర్ ఇంగ్లండ్ నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్ ప్రాంతపు రూపం.

2. పాత రూపం పట్టుకోండి. వెల్ష్‌లో ఇది గ్వెన్‌హ్వివర్, అంటే బ్రిటన్ పాత గాథల్లోని ఆర్థర్ రాజు భార్య పేరు. ఫ్రెంచి కథల మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి గినివీర్ అయింది.

3. పేరును విడగొట్టి, చుట్టపు భాషతో పోల్చండి. అసలు పని ఇక్కడే. ‘గ్వెన్’ అంటే తెల్లని, అందమైన, పవిత్రమైన అని అర్థం. మన ‘పాలు’ కన్నడంలో ‘హాలు’ అయినట్టే, వెల్ష్‌లో ‘గ్వ’ ఉన్నచోట ఐరిష్‌లో ‘ఫ’ పలుకుతుంది. తెలుపును వెల్ష్‌లో గ్విన్ అంటే, పాత ఐరిష్‌లో ఫిన్ అంటారు. వైన్‌ను అక్కడ గ్వీన్ అంటే, ఇక్కడ ఫీన్. ఈ లెక్కన ఐరిష్ గాథల్లో మేవ్ రాణి కూతురు ఫిన్నవర్ పేరు, జెన్నిఫర్ అక్కాచెల్లెళ్లలాంటివి. ఫిన్నవర్‌లో రెండో సగం పాత ఐరిష్ మాట ‘షియవర్’ నుంచి వచ్చింది, అంటే మాయారూపం, దయ్యం. అందుకే భాషా పండితులు గ్వెన్‌హ్వివర్‌లోని రెండో సగానికి కూడా ‘అల’ కన్నా ‘మాయారూపం’ అన్న అర్థం వైపే మొగ్గుతారు. దయ్యం అన్నారని టెన్షన్ పడకండి. ఆ గాథల్లో అవతలి లోకం నుంచి వచ్చే స్త్రీలు చాలాసార్లు అపురూప సౌందర్యవతులు. నాకైతే అల కన్నా ఈ అర్థమే బాగా నచ్చింది.

4. ఎప్పుడు, ఎక్కడ వాడుకలోకి వచ్చిందో చూడండి. బెర్నార్డ్ షా 1906 నాటి నాటకంలో ఒక పాత్రకు పెట్టాక, జెన్నిఫర్ కార్న్‌వాల్ దాటి అందరి నోళ్లలో పడింది. అమెరికాలో 1970 నుంచి 1984 దాకా ఆడపిల్లల పేర్లలో ఇదే నంబర్ వన్. అక్కడి సోషల్ సెక్యూరిటీ విభాగం వెబ్‌సైట్‌లో 1880 నుంచి పేర్ల లెక్కలు ఉచితంగా దొరుకుతాయి. మీరు అనుకుంటున్న పేరునూ అందులో వెతకండి.

ఇదే వరసలో ఫియోనా పేరునూ విప్పి చూడండి. అందులోనూ ఆ ‘ఫిన్’ దొరుకుతుంది.